మునగని చెయ్యి

“పాడె కట్టేది లేదు చిన్నాయనా. శవపెట్టె వస్తాంది,” అంది వనజాక్షి.

కుళ్ళాయప్ప చేతిలోని వెదురు బొంగును నేలకు ఆనించి నిలబడ్డాడు. “యాడినుంచి వస్తాంది? ఎవరు తెమ్మన్నారు?”

“సోమందేపల్లె నుంచి. నేనే చెప్పినా.”

“నువ్వు పామిడికి ఇచ్చిన బిడ్డవు. ఈ ఇంటి చావు మేం చూసుకుంటాం. మా అన్నను మా చేన్లో, మా వదిన పక్కన పెడతాం. మా పెద్దోళ్ళంతా ఆడనే ఉండారు.”

“మా అమ్మ పక్కనా?” వనజాక్షి నవ్వింది. చావింట్లో ఎవరూ నవ్వకూడని నవ్వు అది. “బతికినన్నాళ్ళూ మా అమ్మ ఈయన పక్కన నిలబడేదానికే భయపడింది. ఇప్పుడన్నా ఆమెను సుఖంగా ఉండనీ చిన్నాయనా.”

వసారాలో నులకమంచం మీద ఎర్రిస్వామి, తన గురించి ఇంత రభస జరుగుతున్నా పట్టనట్టు పడుకుని ఉన్నాడు. తెల్లవారి కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళిన కోడలు పద్మజ పిలిచి పిలిచి, చివరికి కాలు ముట్టుకుంది. ఆ చల్లదనం ఇంకా ఆమె వేళ్ళను వదల్లేదు. పొద్దుటినుంచీ కొంగుకు తుడుచుకుంటూనే ఉంది.

చేతులు రెండూ గుండెల మీదికి చేర్చి గుడ్డపేలికతో కట్టింది వనజాక్షి. ఎడమ చెయ్యి కుదురుగా ఉంది. కుడి చెయ్యి మాత్రం ముడి సడలించుకుని మంచం పట్టె మీదికి జారిపోతోంది. ఎవరో ఒకరు తీసి మళ్ళీ పైన పెడతారు. కాసేపటికి చూస్తే మళ్ళీ కిందే ఉంటుంది. ముసలాడు దేనికోసమో చెయ్యి చాస్తున్నాడని ఒకావిడ గొణిగింది.

ఆ మాట విన్నప్పటినుంచి పద్మజ అటువైపు చూడడం మానేసింది.

ఆ చేతి సంగతి ఊరందరికీ తెలుసు. వయసులో ఉన్నప్పుడు తాగి వచ్చి భార్య ఆంజినమ్మను కొట్టిన చెయ్యి అది. ఆమె కనుబొమ్మ మీద పడిన మచ్చ ఆమెతోనే మట్టిలోకి పోయింది. తల్లి పోయాక వనజాక్షి ఏళ్ళ తరబడి తండ్రి మొహం చూడలేదు. పామిడిలో మందిరానికి పోవడం మొదలుపెట్టాక ఒకరోజు ఉన్నట్టుండి బస్సు దిగి వచ్చింది. గొర్రెలకు తుమ్మకాయలు రాలుస్తున్న తండ్రి కుడిచెయ్యి పట్టుకుని, “నిన్ను క్షమించినా నాయనా,” అని భోరుమంది. గొర్రెలు మేపడం తప్ప దేవుడి ఊసే ఎరుగని మనిషి ఆ రోజునుంచి మారిపోయాడు. సారా మానేశాడు. ఆదివారం తెల్ల పంచె కట్టుకుని పక్క ఊరి మందిరానికి నడిచిపోయేవాడు.

“నీళ్ళు చల్లితే సాలదు,” అనేవాడు. “ఈ చెయ్యి మునగల్ల.”

ఆ మునిగే నీళ్ళ దగ్గరే వచ్చింది చిక్కంతా.

---

“ఇట్లరా,” అన్నాడు ఎర్రిస్వామి కొడుకు ఓబులేషు. భార్య పద్మజను పిలిచి పురుగుల షెడ్డులోకి నడిచాడు.

చావు ఎవరింట్లో అయినా పట్టుపురుగుకు మేత ఆపడానికి లేదు. ఆఖరిసారి పొర విడిచి, చివరి జ్వరం లేచిన పురుగు అది, ఇంక కొన్నాళ్ళలో గూడు కట్టేస్తుంది. అరల నిండా తెల్లగా పరుచుకుని, మల్బరీ ఆకును ఎడతెరిపి లేకుండా నములుతోంది. ఆ నమిలే చప్పుడు వాన పడుతున్నట్టే ఉంటుంది. మిగతా రోజుల్లో పద్మజకు అది ఇష్టమైన చప్పుడు. ఈ రోజు మాత్రం చెవులు మూసుకోవాలనిపించింది.

“అక్క ఏమడిగినా నువ్వు నోరు ఇప్పొద్దు,” అన్నాడు ఓబులేషు.

“ఏమడుగుతాది?”

“మోటారు సంగతి.”

పద్మజ ఒక పురుగును అర అంచు నుంచి తీసి ఆకు మీద పెట్టింది. “ఆ మాట అనమన్నది నువ్వే కదా?”

“అనమన్నది నేనే. అన్నది నువ్వు,” అన్నాడతను. అని, తన మాట తనకే బాగులేక, “ఇప్పుడు అదంతా ఏంటికి? అయిపోయింది,” అన్నాడు.

జరిగింది ఇంతే. పాస్టరు వచ్చి, “మీ ఇంటెనక తోట తొట్టి పెద్దది, ఒగ ఆదివారం నింపిస్తే ఎర్రిస్వామన్న బాప్తిస్మం ఆడనే జరిపిస్తాం,” అన్నాడు. పామిడి కాడ పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. మందిరం వాళ్ళ బోర్లన్నీ ఎండిపోయాయి. మొగుడూ పెళ్ళాం ఆ రాత్రి మాట్లాడుకున్నారు. మందిరం జనమంతా వచ్చి షెడ్డు చుట్టూ తిరిగితే పురుగుకు రోగం తగులుతుంది. ఊళ్ళో వాళ్ళు ముసలాయన మతం మారాడని నాలుగు మాటలంటారు. ఈ పంట చేతికి వచ్చేదాకా ఆగితే ఏం పోతుంది?

మరుసటి రోజు అన్నం పెడుతూ పద్మజ మామతో చెప్పింది, మోటారు కాలిపోయిందని.

తోట పచ్చగా ఎట్లా ఉందంటే, పక్క చేని వాళ్ళు అంతో ఇంతో నీళ్ళు వదులుతున్నారని ఇంకో అబద్ధం. ముసలాయన గొర్రెలు తోలుకుని గుట్టకు పోయాక మోటారు వేసుకునేది, ఆయన వచ్చేలోగా ఆపేసేది. తొట్టిలో చుక్క నీళ్ళు లేకుండా చూసుకునేది. బాప్తిస్మం అయ్యాక ఆ తొట్టి నీళ్ళు తిరిగి తోటకే పారించుకోవచ్చు, ఒక్క బొట్టు కూడా దండగ కాదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. ఇప్పుడు పొద్దుటినుంచీ అదొక్కటే తడుతోంది.

దాని ఫలితం ఇట్లా ఉంటుందని మాత్రం ఆమె కలలో కూడా అనుకోలేదు.

ముసలాయనకు కోపం రాలేదు. మోటారు కాలిందని వినగానే కంచం ముందు కూర్చుని తన కుడిచేతినే చూసుకున్నాడు. పాస్టరు ఇంకో ఆదివారం ఏర్పాటు చేస్తే, అప్పటికీ మోటారు బాగుకాలేదని చెప్పింది. పోయిన ఆదివారం ఆయన మందిరానికి పోయి, “నా పేరు తీసేయండి అయ్యగారూ. నన్ను దేవుడు వద్దంటాండాడు. ఈ చెయ్యి ఆయనకు అక్కరలే,” అని చెప్పి వచ్చేశాడు. అదే మాట కూతురికి ఫోను చేసి చెప్పాడు. తర్వాత ఆయన మందిరం ఊసెత్తలేదు. ప్రార్థన కూడా మానేశాడు.

ఒక అబద్ధం ముసలాయన చెవిలో దేవుడి మాట అయిపోయింది.

“నాకు భయంగా ఉండాది,” అంది పద్మజ.

“దేనికి?”

“నువ్వు చూడలే. ఆయన చెయ్యి నిలబడలే గుండెల మింద.”

“పిచ్చి మాటలు మాట్లాడొద్దు,” అన్నాడు ఓబులేషు. అయినా షెడ్డులోంచి బయటికి పోయేటప్పుడు మంచం వైపు చూడకుండా, గోడ పక్కనుంచి చుట్టు తిరిగి పోయాడు.

---

పాస్టరు వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఆయన అసలు పేరు ఆంజనేయులు. మందిరం వాళ్ళు యోహాను అని కొత్త పేరు పెట్టుకున్నారు గానీ ఊరు ఒప్పుకోలేదు. ఊరికి ఆయన ఆంజనేయులు పాస్టరే. ఎవరేమని పిలిచినా పలికే మనిషి.

చెప్పులు విడిచి మంచం దగ్గర మోకాళ్ళు వేశాడు. జారిన చేతిని తీసి గుండెల మీద పెట్టాడు. తన అరచెయ్యి దాని మీద ఉంచి కళ్ళు మూసుకున్నాడు.

ఆయన లేచేదాకా వనజాక్షి ఓపిక పట్టింది. “మందిరం నేలలో గుంత తీయించండి అయ్యగారూ.”

పాస్టరు మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుంటున్నాడు.

“ఏం, మాట్లాడరేం?”

“వనజాక్షమ్మా, ఆ నేల బాప్తిస్మం తీసుకున్నోళ్ళకే. పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు అది. నేనొక్కడినే తీసేయలేను.”

“మా నాయన నమ్మినాడు!”

“నమ్మినాడు. మళ్ళా వద్దన్నాడు కదమ్మా. పోయిన ఆదివారం అందరి ముందర నిలబడి, నా పేరు తీసేయండి అన్నాడు. నేను ఎంత బతిమిలాడినా వినలే.” ఆయన మంచం వైపు చూశాడు. “ఆ మనిషి దేవుడు నన్ను వద్దన్నాడు అనుకుంటా పోయినాడు. ఆ బాధ నాకు లేదనుకోవద్దు.”

వనజాక్షి గోడకు జారగిలబడింది. ఇంతసేపూ చిన్నాయనతో కొట్లాడిన మనిషేనా అనిపించింది పద్మజకు.

“అంటే మా నాయన రక్షణ లేకుండా పోయినాడా?”

పాస్టరు తల వంచుకున్నాడు. “అది దేవుడే చెప్పల్ల. నేనెవర్ని?”

“అట్ల కాదని చెప్పొచ్చు కదా! మీరన్నా చెప్పొచ్చు కదా!”

కుళ్ళాయప్ప ఇంక ఊరుకోలేకపోయాడు. “ఏమప్పా ఆంజనేయులూ, నీళ్ళు లేకపోతే మీ దేవుడు పలకడా? అట్లయితే ఈ కరువు సీమలో ఎవురికీ మోక్షం లేదు పో!”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది.

వసారాలో ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. ఇంటి వెనక స్టార్టరు డబ్బా టక్కుమంది. పైపు దగ్గినట్టు చప్పుడు చేసింది. ఖాళీ తొట్టి అడుగున నీళ్ళు దబదబా పడ్డాయి.

పద్మజకు అప్పుడు గుర్తొచ్చింది. ఆటో స్విచ్చి! నిన్న సాయంత్రం ముసలాయన వేసిన స్విచ్చి అది. కరెంటు పోయినాక తను తొట్టి నీళ్ళు తోటకు వదిలింది గానీ, దాన్ని తీయడం మరిచిపోయింది. కరెంటు వస్తే మోటారు తనంతట తానే తిరిగేటట్టు ఆయన చేత్తో ఆయనే పెట్టి పోయాడు.

చచ్చినవాడు లేచి బోరు వేసినట్టు అందరూ మంచం వైపే చూశారు.

“మోటారు కాలిందన్నారే?” అంది వనజాక్షి.

“నిన్ననే బాగు చేయించినా అక్కా,” అన్నాడు ఓబులేషు. మాట ఎంత తొందరగా వచ్చిందంటే, పొద్దుటినుంచీ నోట్లో పెట్టుకుని తిరుగుతున్నట్టుంది. “నాయనకు చెప్పల్లనుకునేలోపల...”

“నిన్న బాగయిందా! నిన్న నీళ్ళు ఉండెనా!”

వనజాక్షి పరుగెత్తింది. వెనక తొట్టి దగ్గరికి పోయి, దోసిట్లో నీళ్ళు పట్టుకుని వేళ్ళ సందులోంచి కారిపోతుండగానే తిరిగి వచ్చింది. ఆమె కళ్ళు చూసి పద్మజకు భయమేసింది.

“అయ్యగారూ, నీళ్ళు వచ్చినాయి. ఎత్తండి. మా నాయనను ముంచండి.”

“వనజాక్షమ్మా...”

“ఒగ గంటలో నిండుతాది. ఎత్తురా ఓబులేషూ, ఆ పక్క నువ్వు పట్టు!”

“అమ్మా, పోయినోళ్ళకు బాప్తిస్మం లేదు.”

“నిన్నటిదాకా ఉండె కదా?”

“నిన్నటిదాకా నోరు ఉండె తల్లీ. ఒళ్ళు తడిసేది కాదు బాప్తిస్మమంటే. నమ్ముతాండావా అని నేనడిగితే, నమ్ముతాండా అని ఆ మనిషి చెప్పల్ల. ఇప్పుడు నేనడుగుతా. ఎవరు చెప్తారు?”

వనజాక్షి తండ్రి మొహం మీదికి వంగింది. “చెప్పు నాయనా,” అంది. “ఒక్క మాట చెప్పు. అయ్యగారు అడుగుతాండారు.”

ఆ దృశ్యం చూడలేక ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరు ఆమె భుజం పట్టుకుని పైకి లేపాడు.

“ఒక దావ ఉండాది,” అన్నాడు మెల్లగా. “ఆదివారం తర్వాత, పోయే లోపల, ఎర్రిస్వామన్న మళ్ళా ప్రభువు పేరెత్తి నమ్మినానని ఎవరితోనన్నా చెప్పినాడా? విన్న మనిషి ఒకరు ముందుకొచ్చి సాక్ష్యం చెప్తే, పెద్దలకు నేను జవాబు చెప్పుకుంటా. ఎవరన్నా విన్నారా?”

---

పద్మజ విన్నది.

ఆమె ఒక్కతే విన్నది. నిన్న పొద్దు వాలేవేళ ఆకు మోపు నెత్తిన పెట్టుకుని తోటలోంచి వస్తుంటే తొట్టిలో నీళ్ళ చప్పుడు వినిపించింది. మోపు పడేసి పరుగెత్తింది. మామ గుట్టనుంచి ముందే వచ్చేసినట్టున్నాడు. స్టార్టరు డబ్బా తలుపు తెరిచి ఉంది. ఆయన తొట్టి గట్టు మీద కూర్చుని పైపు కింద కుడిచెయ్యి పెట్టుకున్నాడు. నీళ్ళు మోచేతిదాకా కారుతున్నాయి.

ఆ మాటలన్నీ ఆమెకు గుర్తున్నాయి. ఒక్క మాట కూడా మరిచిపోలేదు. మరిచిపోతే బాగుండునని తెల్లవారినప్పటినుంచీ మొక్కుతోంది.

నోరు తెరిస్తే ముసలాయనకు మందిరం నేల దొరుకుతుంది. వదినకు తండ్రి దొరుకుతాడు. కానీ ఆ మాట విడిగా లేదు. తన అబద్ధాన్ని అంటిపెట్టుకుని ఉంది. తను కొలిచే దేవుళ్ళయితే చెంపలు వేసుకుని కొబ్బరికాయ కొడితే ఊరుకుంటారు. ఈ దేవుడు మాత్రం నలుగురిలో నోటితో చెప్పమంటాడు.

ఓబులేషు ఆమెనే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాడు, కనీ కనపడకుండా.

“నేను విన్నా,” అంది పద్మజ.

అందరి మొహాలూ తిరిగాయి.

“నువ్వా?” అంది వనజాక్షి. “నువ్వు బొట్టు చెరిగిపోతాదని ప్రార్థనలో కూకోవు. నీతో ఏంటికి చెప్తాడు మా నాయన?”

“నేనే ఆడ ఉన్నా కాబట్టి చెప్పినాడు వదినా. నిన్న పొద్దు గూకేటప్పుడు, తొట్టి కాడ.” వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. “మోటారు కాలలే. ఎప్పుడూ కాలలే. కాలిందని మామకు నేను అబద్ధం చెప్పినా. పురుగు గూడు కట్టేదాకా జనం రాకూడదని చెప్పినా. నిన్న ఆయనకి తెలిసిపోయింది. ఆయనే స్విచ్చి ఏసినాడు.”

ఓబులేషు షెడ్డు వైపు మొహం తిప్పుకున్నాడు.

“నేను పోయేసరికి నవ్వుతాండాడు,” అంది పద్మజ. ఇప్పుడిక ఆపాలన్నా ఆగేటట్టు లేదు. “నిజంగా వదినా, నవ్వుతాండాడు. చిన్నపిల్లోడి మాదిరి. నన్ను చూసి, ‘దేవుడు కాదు మ్మా నన్ను వద్దన్నది! నువ్వు! వద్దన్నది నువ్వు!’ అన్నాడు. ‘ఆయన వద్దనలే. నా చెయ్యి ఆయనకు కావల్లంట. యేసు నావాడు, నేను ఆయనవాన్ని, ఇంగ ఎవరు కాదన్నా ఇనను,’ అన్నాడు. ఆ చెయ్యి నీళ్ళ కింద పెట్టుకునే అన్నాడు.”

పాస్టరు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి, “స్తోత్రం, స్తోత్రం తండ్రీ,” అన్న మాట వినిపించింది.

వనజాక్షి మాత్రం ఏడవాలో కొట్టాలో తెలియనట్టు నిలబడిపోయింది. ఆమె రెండు చేతులూ పిడికిళ్ళుగా బిగుసుకున్నాయి. పద్మజ తల వంచుకుని, ఏదైనా సరే పడాలని నిలబడింది. దెబ్బ పడితే బాగుండుననే అనుకుంది.

“మా నాయన నాకు ఫోను చేసి ఎంత ఏడ్సినాడో తెలుసా నీకు?” అంది వనజాక్షి చివరికి. “నన్ను ఆయన ఒప్పుకోలేదమ్మా అని. రాత్రంతా నిద్రపోలేదు నేను.”

“తప్పయింది వదినా.”

“తప్పా? ఇది తప్పా?”

“సరే, అయిందేదో అయింది,” అన్నాడు కుళ్ళాయప్ప. బొంగు మీద గడ్డం ఆనించి ఇంతసేపూ వింటున్నాడు. “నాకొక ధర్మసందేహం ఉండాది ఆంజనేయులూ. ఎదుటోడిని క్షమించనోడిని మీ దేవుడు కూడా క్షమించడని నువ్వే కదా మైకులో చెప్తావు? ఊరంతా వినపడతాది. మరి మా అన్న ఈ అమ్మిని క్షమించి పోయినాడా? కోపంతోనే పోయినాడా? అది కూడా తేల్చు.”

ఎగతాళికే అన్నాడు కుళ్ళాయప్ప. కానీ పాస్టరు మొహంలో వెలుగు తగ్గింది. వనజాక్షి కూడా ఉలిక్కిపడింది. ఇప్పుడే చేతికందిన తండ్రి మళ్ళీ జారిపోతున్నట్టు మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

“చెప్పమ్మా,” అన్నాడు పాస్టరు. ఆయనకు అడగడం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. “నీతో ఏమన్నాడు?”

---

నిన్న ఆమె మామ కాళ్ళ మీద పడింది. “తప్పయింది మామా, నన్ను క్షమించు,” అంది.

నవ్వు ఆగిపోయింది. ముసలాయన చెయ్యి నీళ్ళ కిందనుంచి తీసి పంచెకు తుడుచుకున్నాడు.

“నీ మీద నాకు శానా కోపంగా ఉండాది మ్మా,” అన్నాడు. “ఇప్పుడు క్షమించినానంటే అది అబద్ధమయితాది. ఇంగ ఈ నోటితో అబద్ధం చెప్పను. రేపు పొద్దున చెప్తా.”

అని లేచి పోయాడు. రాత్రి ఆమె పెట్టిన సంగటి తిన్నాడు, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తెల్లవారి కాఫీతో పాటు ఆ మాట కోసమే పోయింది పద్మజ. పిలిచి పిలిచి, కాలు ముట్టుకుంది.

ఇప్పుడు ఆ మాట అంతా చెప్పేయాలి. ‘క్షమించలేదు వదినా, రేపు చెప్తానన్నాడు’ అనాలి. అంటే ఏమవుతుంది? క్షమించకుండా పోయినవాడు అయిపోతాడు మామ. కోపంతో నిద్రపోయినవాడు. తను అబద్ధం చెప్పి ఒకసారి ఆయనను దేవుడికి దూరం చేసింది. నిజం చెప్పి రెండోసారి దూరం చేయాలా?

వనజాక్షి ఆమె కళ్ళలోకే చూస్తోంది. బతిమిలాడుతున్నట్టు చూస్తోంది.

“క్షమించినాడు,” అంది పద్మజ.

గాలి వదిలినట్టు అందరూ ఒక్కసారి కదిలారు. పాస్టరు మళ్ళీ మోకాళ్ళు వేశాడు. కుళ్ళాయప్ప, “సరే, అట్లయితే నాదేం లేదు. పెట్టెలోనే పోనీ,” అని బొంగును గోడకు ఆనించాడు.

వనజాక్షి వచ్చి పద్మజను పట్టుకుంది. ఆ పట్టులో ఇంకా కోపం ఉంది, వేళ్ళు జబ్బల్లోకి దిగాయి. కానీ మొహం మరదలి భుజం మీద పెట్టి ఏడ్చింది. “ఆయనే క్షమించినాక నేనెవర్ని మ్మే? నేనూ క్షమించినా. ఇంగ నీ మీద ఏమీ పెట్టుకోను.”

పద్మజ భుజం తడిసిపోయింది. జీవితంలో ఎవరూ ఆమెను అంత గట్టిగా పట్టుకోలేదు. ఈ పట్టుకు తను పెట్టిన వెల ఇంకో అబద్ధమని ఆమెకు తెలుసు.

“ఏమన్నాడు పద్మా?” అంది వనజాక్షి తల ఎత్తి. “నాయన నోటి మాట ఉన్నదున్నట్టు చెప్పు. అది నాకు కావల్ల. ఆదివారం నువ్వు మందిరంలో నిలబడి అందరికీ చెప్పల్ల, ముందు నాకు చెప్పు.”

పద్మజ మంచం వైపు చూసింది. పొద్దుటినుంచి చూడలేని మొహాన్ని ఇప్పుడు చూసింది. ఆ ఎండిన పెదాల మీద ఒక మాట పెట్టాలి. ఆయన అనగలిగిన మాట, ఆయన అనని మాట.

“‘ఏముందిలే మ్మా,’ అన్నాడు. ‘నేను చేసిన దాని ముందర నువ్వు చేసింది ఎంత? పోయి ఆకు ఎయ్యిపో, పురుగు ఆకలిగా ఉంటాది,’ అన్నాడు.”

వనజాక్షి ఏడుపులోనే నవ్వింది. “మా నాయనే. అచ్చం మా నాయనే!” అని పాస్టరు వైపు తిరిగింది. “విన్నారా అయ్యగారూ? పురుగు ఆకలి కూడా మరిచిపోలేదు!” ఆ మాటనే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ తండ్రి పక్కన కూర్చుండిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆ మాటను ఒకరికొకరు చెప్పుకున్నారు. ముసలాయన పెద్దమనసు గురించి మాట్లాడుకున్నారు.

శవానికి స్నానం చేయించే వేళయింది. మంచాన్ని తొట్టి దగ్గరికి తీసుకుపోవాలని నలుగురూ లేచారు. తలవైపు కోడు పట్టుకోవడానికి ఓబులేషు వంగాడు. పద్మజ పక్కకు తప్పుకుంటుంటే ఆమెకు మాత్రమే వినపడేటట్టు అన్నాడు.

“నిన్న పొద్దు గూకేటప్పుడు నేను షెడ్డు కిటికీ కాడనే ఉన్నా. నాయన అన్నది నాకూ వినపడింది.”

ఆమె అతని మొహంలోకి చూసింది. “మరి చెప్పలేదేం?”

“ఏంటికి చెప్పేది?” అన్నాడు ఓబులేషు, తండ్రి మంచాన్ని పైకెత్తుతూ. “నువ్వు చెప్పిందే బాగుండాది.”